కెమెరా లేని చోటి నుండి చూపు

బేతమంగళపు చెరువుకట్టపై పది అడుగులు నడిచి చూచినచో దగ్గరి చింతచెట్టు ఎంతో జరిగినట్లుండును; దూరపు కొండ కదలినట్లే తోపదు. ఈ జరుగుబాటును కొలిచి దూరమును రాబట్టుట సర్వేవారి విద్య. 1800లో బెంగుళూరు వద్ద లాంబ్టన్ దొర ఆధారరేఖను కొలిచినపుడు సహాయకుడుగా నున్న వారెన్, 1802లో మైసూరు తూర్పు సరిహద్దును నిర్ణయించుటకై మన ప్రాంతమునకు వచ్చెను. రైతులు బండ్లపై తెచ్చిన మట్టిని కడిగించి అతడు బంగారమును చూచిన కథ గనులవారందరు ఎరిగినదే. ఆ కొలత విద్య తరువాత ఎచ్చటికి పోయినదో మాత్రము మనవారు అంతగా చెప్పుకొనరు.

పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1979లో వెలసిన రోబోటిక్సు సంస్థకు తొలి డైరెక్టరు రాజ్ రెడ్డిగారు. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, గిండీలో సివిల్ ఇంజనీరింగు చదివిన మన తెలుగువారు. వారి తరువాత ఆ పదవిని వహించిన తకేయో కనాడే, 1995 ప్రాంతమున, 5 మీటర్ల వ్యాసము గల గోపురమునకు 51 వీడియో కెమెరాలను బిగించెను. లోపల మనుష్యులు మెలగుచుండగా అన్నియు ఒకేసారి చిత్రించును. ఇరుగుపొరుగు కెమెరాలలో ఒకే బిందువు ఎంత జరిగినదో పోల్చి కంప్యూటరు దాని దూరమును లెక్కగట్టును. అనగా మన చింతచెట్టు లెక్కయే. ఆ దూరములతో దృశ్యమునకు ఆకారము కట్టిన పిమ్మట, ఏ కెమెరాయు లేని చోట కన్నుంచినట్లు కొత్త చిత్రమును పుట్టింపవచ్చును. ఈ పనిలో పాలుపంచుకొన్న పి. జె. నారాయణన్ గారు పిదప హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో ఆచార్యులైరి.

2001 జనవరి 28న టాంపా నగరపు సూపర్ బౌల్ ఆటకు కనాడే సాయముతో 30కి పైగా కెమెరాలను చుట్టును నిలిపిరి. లోకము దీనినే పొగడెను గాని, నా దృష్టిలో గోపురమే గొప్పది. ఆటలో కొత్త చూపు పుట్టలేదు. ఉన్న కెమెరాల చిత్రములే వరుసగా మారినవి.

మరుసటి నెలతో మన గనులు మూతపడినవి. మూడు కిలోమీటర్లకు మించిన ఆ లోతులలో గోపురము కట్టినవారెవరు? 2020లో వెలువడిన నెర్ఫ్ పద్ధతికి సైతము పలు దిక్కుల ఛాయాచిత్రములు కావలెను. ఒక్క చిత్రము నుండియే తక్కిన దిక్కులను చూపు యంత్రములు నేడున్నవి. అవి చూపునది కొలత కాదు, ఊహ.

గనిలో పనిచేసిన మా నాయనగారిది ఒకే ఛాయాచిత్రమున్నది, కుర్చీలో కూర్చుండి తీయించుకొన్నది. నా శిష్యుడొకడు దానిని అట్టి యంత్రమునకిచ్చి, వెనుకనుండి చూచినట్లు తెప్పించెను. మా అమ్మ చాలసేపు చూచి, "మీ నాయన వీపు ఇంత నిటారుగా ఎప్పుడుండె?" అనెను.