హీలియం: చలికి లొంగదు, పీడనానికి గడ్డకడుతుంది

జడ వాయువుల్లో హీలియం ఒక్కటే సాధారణ వాతావరణ పీడనంలో ఎంత చల్లబరిచినా ఘనరూపం దాల్చదు. దాన్ని గడ్డకట్టించాలంటే పీడనం తప్పనిసరి.

ఈ మూలకంతో తెలుగు నేలకు పాత అనుబంధం ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం వేళ ఫ్రెంచ్ శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ గుంటూరులోనూ, నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలోనూ సూర్యుని అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించారు. హీలియాన్ని గుంటూరులోనే కనుగొన్నారనే మాట తరచూ వినిపిస్తుంది. అది పూర్తిగా సరైనది కాదు. వర్ణపటంలోని పసుపు గీత కొత్త మూలకానిదని ప్రతిపాదించినది ఇంగ్లండ్‌కు చెందిన నార్మన్ లాకయర్. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి ఆ వాయువును వెలికితీశాకే అది భూమిపైనా ఉన్నట్లు రుజువైంది.

నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ 1908లో హీలియాన్ని ద్రవంగా మార్చారు. ఘనరూపంలోకి తేవాలని ఎంతగా చల్లబరిచినా సఫలం కాలేదు. 1926 ఫిబ్రవరిలో ఆయన మరణించారు. అదే ఏడాది జూన్‌లో, అదే ప్రయోగశాలలో విల్లెమ్ కీసమ్ దాన్ని గడ్డకట్టించారు. సుమారు 4.2 కెల్విన్ వద్ద 140 వాతావరణాలకు సమానమైన పీడనం అవసరమైంది. ఘన హీలియానికీ, ద్రవానికీ కంటికి తేడా కనిపించలేదు. లోపలి కలిపే కడ్డీ కదలక నిలిచిపోవడమే గుర్తు.

కారణం పరమాణువుల్లోనే ఉంది. తేలికైన హీలియం పరమాణువులు పరమ శూన్య ఉష్ణోగ్రత వద్దా పూర్తిగా నిశ్చలం కావు. వాటి మధ్య ఆకర్షణ అతి స్వల్పం కావడంతో స్ఫటికంగా కుదురుకోలేవు. సుమారు 25 వాతావరణాల పీడనం పెడితేనే కుదురుకుంటాయి.

గది ఉష్ణోగ్రతలో ఆ అవసరం లక్ష వాతావరణాలు దాటుతుంది. అంతటి ఒత్తిడిని రెండు వజ్రాల మొనల మధ్య సృష్టిస్తారు. పుదుచ్చేరికి ఉత్తరాన, అదే తీరంలోని కల్పాక్కం ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రంలో ఇటువంటి పరికరాలతో అధిక పీడన ప్రయోగాలు జరుగుతున్నాయి. ఘన హీలియం చాలా మెత్తన. అందువల్ల పరీక్షించే నమూనా చుట్టూ నింపితే ఒత్తిడిని అన్ని వైపులా దాదాపు సమంగా అందిస్తుంది.

బరువైన జినాన్ తీరు వేరు. సుమారు 130 నుంచి 150 గిగాపాస్కళ్ల వద్ద అది లోహ లక్షణాలు చూపుతుందని 1989లో వెల్లడైంది. హీలియం సైతం పూర్తిగా జడం కాదు: 113 గిగాపాస్కళ్లు దాటిన పీడనంలో సోడియంతో స్థిరమైన సమ్మేళనం ఏర్పరుస్తుందని 2017లో ప్రకటించారు.