చమురు దిగాక వెళ్ళిన బంగారం

1991లో మన బంగారం లండన్‌కి ఎందుకెళ్ళిందని ఎవర్నడిగినా "గల్ఫ్ యుద్ధం, చమురు ధర" అంటారు. తేదీలు చూస్తే నాకు లెక్క కుదర్లేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ మీద పడింది, అక్టోబరులో బ్యారెల్ 40 డాలర్లు దాటింది. సరే. కానీ 1991 జనవరి 17న బాంబులు పడ్డం మొదలవగానే ధర ఒక్కరోజులో 21 డాలర్ల దగ్గరికి దిగింది. రిజర్వ్ బ్యాంకు 47 టన్నులు విమానం ఎక్కించిందేమో జులైలో!

మధ్యలో జరిగిందేంటంటే... కువైట్ నుంచి లక్షన్నరకి పైగా మనవాళ్ళు ఉత్తచేతులతో తిరిగొచ్చారు, వాళ్ళు పంపే డబ్బు ఆగింది. 1980ల్లో అలవాటైన స్వల్పకాలిక అప్పులకి విదేశీ బ్యాంకులు నోటు తిరగరాయమన్నాయి. ప్రవాసులు కూడా (అవునండీ, మనలాంటోళ్ళే) డిపాజిట్లు లాగేసుకున్నారు. చమురు తగ్గినా వీళ్ళెవరూ వెనక్కి రాలేదు. జూన్ 21న పీవీ గారు ప్రధాని అయ్యేసరికి మిగిలినవి రెండు మూడు వారాల దిగుమతులకి సరిపడా డాలర్లే.