నీళ్లలోకి దిగిన డబ్బా

వచ్చే నెల అండమాన్ వెళ్తున్నాం. హేవ్‌లాక్ దీవిలో, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, స్నార్కెలింగ్ చేయాలని మా అమ్మాయి పట్టు. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీటి మీద బోర్లా తేలుతూ కిందనున్న పగడాల్ని చూడటమన్నమాట. "ఫోన్‌కి ప్లాస్టిక్ సంచీ కొంటే సరిపోతుంది కదమ్మా" అంది. నేను ఒప్పుకోలేదు. మూడేళ్ల కిందట అలాంటి సంచీలోనే నా ఫోన్ సముద్రపు నీళ్లు తాగి చచ్చింది. మా అమ్మ చివరి ఏడాది ఫోటోలన్నీ అందులోనే ఉండిపోయాయి. ఇంకోచోట దాచుకోవాలన్న తెలివి అప్పుడు లేకపోయింది.

ఈసారి కొనేముందు, అసలు కెమెరాని నీళ్లలోకి మొదట దించిందెవరో చదివాను. "గరిటె కొన్నా దాని చరిత్ర చదివేలా ఉన్నావు" అని మా వారు నవ్వారు.

1856లో ఇంగ్లండ్‌లోని వేమత్ తీరంలో విలియం థాంప్సన్ అనే వకీలు కెమెరాని ఒక పెట్టెలో పెట్టి పడవ మీంచి దించాడు. పది నిమిషాలు అలా వదిలేశాడు. పెట్టెలోకి నీళ్లు రానే వచ్చాయి! అయినా మసకమసకగా ఏదో పడింది. నీటిలో తీసిన మొదటి ఫోటోగా దాన్నే చెబుతారు.

నాకు బాగా నచ్చినవాడు మాత్రం ఫ్రాన్స్‌కి చెందిన లూయీ బూతాన్. జీవశాస్త్రం ఆయన పని. సముద్రం అడుగున చూసింది పైకొచ్చి ఎంత చెప్పినా చాలదనిపించి, 1893లో బన్యూల్స్ తీరంలో ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. నీళ్లు చొరబడని పెట్టె తయారుచేయడానికి ఇంజనీరైన సోదరుడు ఓగుస్త్ సాయపడ్డాడు. ఒక్కో ఫోటోకి అరగంట వరకూ పట్టేదట. మన పిల్లలు అర నిమిషం కదలకుండా నిలబడతారా? వెలుతురు చాలక పెద్ద పీపా నిండా ఆక్సిజన్ నింపి, దానిపైన దీపం పెట్టి, మంటలోకి మెగ్నీషియం పొడి ఊదేవారు. 1926లో అమెరికాలోని ఫ్లోరిడా దగ్గర లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు నీటిలో మొదటి రంగుల ఫోటోలు తీసిందీ ఈ పొడి వెలుగులోనే. అది పేలి లాంగ్లీకి ఒళ్లు కాలింది.

ఆ తర్వాత జాక్ కూస్తో బృందం కోసం బెల్జియం ఇంజనీరు జాన్ ద వూటర్స్ 'కాలిప్సో' కెమెరా చేశాడు. దీనికి విడిగా పెట్టె అక్కర్లేదు, కెమెరా ఒళ్లే పెట్టె. 1963 నుంచి నికాన్ కంపెనీ దాన్నే 'నికోనోస్' పేరుతో అమ్మింది. నీళ్లని ఆపేది మాత్రం రబ్బరు రింగులే. మన కుక్కర్ గ్యాస్కెట్ చుట్టమే అనుకోండి. దానిమీద ఒక్క వెంట్రుక పడినా ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా!

ఇదంతా చదివాక ఎంపిక తేలికైంది. ఫోన్లకి చెప్పే నీటి రక్షణ మామూలుగా మంచినీళ్లలో పరీక్షించి చెప్పేది, ఉప్పునీటికి హామీ కాదు. నుదుటికి కట్టుకునే యాక్షన్ కెమెరా కావాలని అమ్మాయి అడిగింది. వీడియోకి అది బాగుంటుంది కానీ, చిన్న చేపని దగ్గరగా తీయడం దానితో కష్టం. నీళ్లలో దగ్గరకెళ్లే తీయాలి. దూరమైతే మధ్యలో ఉన్న నీరే ఫోటోని మసక చేస్తుంది, ఎరుపు రంగైతే అన్నిటికంటే ముందు మాయమవుతుంది. అందుకని 15 మీటర్ల లోతు వరకూ తట్టుకునే చిన్న కెమెరా తీసుకున్నాం. మనం తేలేది నీటి మీదే కాబట్టి అది ఎక్కువే.

నిన్న సాయంత్రం దాని మూతల దగ్గరి రబ్బరుని మెత్తటి బట్టతో తుడిచి, నీళ్ల బకెట్‌లో అరగంట ముంచి ఉంచాను. అమ్మాయి పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. తీసి తుడిచి తలుపు తెరిస్తే లోపల పొడిగా ఉంది. మొదటి ఫోటో ఆ బకెట్ అడుగుదే. రాత్రే దాన్ని లాప్‌టాప్‌లోనూ, పెన్‌డ్రైవ్‌లోనూ దాచాను. ఖాళీ బకెట్ ఫోటో ఎందుకని మా వారు అడగలేదు.