చౌటిమన్ను, ఉప్పు, సురేకారం: ఒక శక్తి కథ

తుంగభద్రా తీరాన వెలసిన కెంచనగుడ్డ సిరుగుప్ప తాలూకాలోనిది. ఈ తాలూకా పల్లపు నేలలలో ఎండలు ముదిరేసరికి మంచు రాలినట్లు తెల్లని పొర తేలుతుంది. రైతుకు అది చౌడు, చేటు. కాని ఒకప్పుడు అదే మన్ను కొన్ని కుటుంబాలకు అన్నం పెట్టింది. 1800లో నిజాం ఆంగ్లేయులకు వదలుకొన్న దత్తమండలాలలో బళ్లారి సీమ ఒక భాగం. సముద్రానికి దూరమైన ఈ సీమలో ఉప్పరులు చౌటిమన్ను నుండి ఉప్పు తీసేవారు. వృత్తి పేరే కులనామంగా నిలిచింది.

వారి పద్ధతి చూడడానికి సులభం. చౌటిమన్నును కుప్పగా పోసి పైనుండి నీరు పోస్తారు. ఆ నీరు మట్టిలోని లవణాన్ని కరిగించుకొని అడుగున ఊటగా దిగుతుంది. ఆ ఉప్పునీటిని మళ్లలో పోసి ఎండకు విడుస్తారు. ఇందులో రెండు పనులున్నాయి: కరగించడం, తిరిగి రాబట్టడం. ఈ రెండింటి ఖర్చులో ఎంత తేడా ఉన్నదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒక కిలో ఉప్పు కరగడానికి గ్రహించే ఉష్ణం 67 కిలోజౌళ్లు మాత్రమే. అదే ఉప్పును సంతృప్త ద్రావణం నుండి రాబట్టాలంటే సుమారు 2.8 కిలోల నీరు ఆవిరి కావాలి. అందుకు దాదాపు 6,700 కిలోజౌళ్లు పడతాయి. ఊట పలుచనైతే ఇంకా ఎక్కువ. ఈ బాకీని ఉప్పరుల తరఫున సూర్యుడే తీర్చేవాడు. మెట్ట సీమలో వంటచెరకుతో ఆ పని సాగేది కాదు.

కరగడానికి అంత తక్కువ ఎందుకు? సోడియం, క్లోరిన్ అయాన్లు స్ఫటికంలో ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. ఒక మోల్ ఉప్పులో, అంటే 58.5 గ్రాములలో, ఆ పట్టు విడిపించడానికి 787 కిలోజౌళ్లు కావాలి. నీటి అణువులు ఆ అయాన్లను చుట్టుముట్టినపుడు విడుదలయ్యే శక్తి దాదాపు అంతే. లోటు నాలుగు కిలోజౌళ్లకు మించదు. ఆ లోటును నీరు తన వేడి నుండే పూడుస్తుంది. లోటు ఉన్నా ఉప్పు ఎందుకు కరుగుతుందంటే, బంధింపబడిన అయాన్లకు విచ్చలవిడిగా చెదిరిపోయే స్వభావం ఉన్నది గనుక.

సురేకారం, అనగా పెట్లుప్పు, సంగతి వేరు. అక్కడ మోల్‌కు లోటు 35 కిలోజౌళ్లు. వంద గ్రాముల నీటిలో పది గ్రాములు కలిపితే ఉష్ణోగ్రత ఏడెనిమిది డిగ్రీలు పడిపోతుంది. అక్బరు కొలువులో నీరు చల్లార్చడానికి ఇదే ఉపాయమని అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’లో వ్రాశాడు. అయిదు సేర్ల నీటిలో రెండున్నర సేర్ల సురేకారం కలిపి, అందులో నీటిపాత్రను పావుగంట త్రిప్పేవారట. ఫిరంగి నోట నిప్పులు కక్కించే పదార్థమే కూజాకు చలువ నిచ్చింది!

వేడిని గ్రహించి కరిగే లవణం వేడినీటిలో మరింత కరుగుతుంది. సురేకారం వంద గ్రాముల నీటిలో 20 డిగ్రీల వద్ద 32 గ్రాములు, మరిగే నీటిలో 246 గ్రాములు కరుగుతుంది. ఉప్పు మాత్రం 36 నుండి 39కి పెరిగి ఆగిపోతుంది. అందుకే రెండూ కలిసిన ఊటను కాచి ఇగిరిస్తే ముందు ఉప్పు అడుగంటుతుంది, చల్లార్చితే సురేకారం సూదులుగా పేరుకొంటుంది. అయాను అనే మాట పుట్టకముందే పనివారికి ఈ వివేకం ఉన్నది.

శాస్త్రం తరువాత వచ్చింది. నీటిలో లవణాలు అయాన్లుగా విడిపోతాయని 1887లో అర్హీనియస్ ప్రకటించాడు. 1919లో మాక్స్ బోర్న్, ఫ్రిట్జ్ హేబర్ స్ఫటిక శక్తిని లెక్కకట్టే చక్రాన్ని రూపొందించారు. సోడియంను ఆవిరి చేయడానికి 107, దాని ఎలక్ట్రాన్‌ను తీయడానికి 496, క్లోరిన్‌ను విడగొట్టడానికి 122 కిలోజౌళ్లు ఖర్చు. క్లోరిన్ ఎలక్ట్రాన్‌ను గ్రహించినపుడు 349 తిరిగి వస్తాయి. నికరంగా 376 అప్పు. అయాన్లు స్ఫటికంగా కూడినపుడు వెలువడే 787తో ఆ అప్పు తీరి ఇంకా 411 మిగులుతాయి. ఉప్పు స్థిరత్వానికి కారణం ఎలక్ట్రాన్ మార్పిడి కాదు, ఆ కూడికయే. పాఠాలలో ఈ సంగతి తరచు మరుగున పడుతుంది. బోర్న్ 1935-36లో సి.వి. రామన్ ఆహ్వానంపై బెంగళూరులో కొన్ని నెలలు పనిచేశాడు. హేబర్ కనుగొన్న అమ్మోనియా తయారీ 1913లో కర్మాగారానికి ఎక్కడంతో మట్టి సురేకారానికి గిరాకీ మరింత సన్నగిల్లింది.

మట్టి ఉప్పును అణచినది మాత్రం శాస్త్రం కాదు, పన్ను. మద్రాసు ప్రభుత్వం 1805లో ఉప్పును గుత్తాధిపత్యంలోకి తెచ్చింది. 19వ శతాబ్దం చివరి భాగంలో మట్టి ఉప్పు తయారీని అణచివేసింది. ధాత కరువు (1876-78) దెబ్బతిన్న సీమకు ఇది మరొక దెబ్బ. ఉప్పరులు చెరువు కట్టలకు, బావుల త్రవ్వకానికి, రోడ్ల మట్టిపనికి మళ్లారు. ఉప్పుపన్ను 1947లో రద్దయింది. కాని వృత్తి తిరిగి నిలవలేదు.

1953లో సిరుగుప్ప మైసూరు రాష్ట్రంలో చేరింది, తుంగభద్ర నీరు కాలువలకెక్కింది. నల్లరేగడిలో వరికి మితిమీరి పెట్టిన నీటితో అడుగున ఉన్న లవణం కరిగి పైకి వచ్చింది. పాలచౌడును మంచినీటితో కడిగి ఆ ఊటను మురుగుకాలువ గుండా బయటికి పంపాలి. కారుచౌడుకు ముందు జిప్సం వేస్తే కాల్షియం వచ్చి సోడియంను తొలగిస్తుంది. మన్నును నీటితో కడగడం ఉప్పరులు చేసిన పనియే. వారు ఊటను దాచుకొన్నారు, రైతు దానిని వదిలించుకొంటున్నాడు.