రోగశయ్యపై రంగులు

మంచాన పడిన దినములు వ్యర్థమని తలంచుచున్నారా? ఫ్రాన్సు దేశపు చిత్రకారుడైన ఆన్రీ మతీస్ జీవితమును గమనించండి. ఇరవై ఏళ్ల ప్రాయంలో ఆయన న్యాయవాది కార్యాలయంలో గుమాస్తా. అపెండిసైటిస్‌తో మంచం పట్టినప్పుడు పొద్దుపోవడానికని తల్లి రంగులపెట్టె తెచ్చి ఇచ్చింది. ఆ పెట్టె ఆయన దారినే మార్చివేసింది.

1941లో, 71 ఏళ్ల వయస్సులో, క్యాన్సరుకు పెద్ద ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది గాని, నిలబడి చిత్రించే శక్తి తగ్గిపోయింది. అప్పుడాయన కత్తెర పట్టాడు. సహాయకులు రంగు పూసిన కాగితాలను మంచం మీదనుండి, చక్రాల కుర్చీలోనుండి కత్తిరించి చిత్రాలు కూర్చాడు. తనకు సేవచేసిన నర్సు తరువాత సన్యాసిని అయి సలహా అడుగగా, వాన్స్ పట్టణంలో ప్రార్థనా మందిరమునే రూపొందించాడు. అది 1951లో ప్రతిష్ఠింపబడింది. దాని రంగుటద్దాల కిటికీలకు నమూనాలు కత్తెరతో చేసినవే.

రోగము మేలని నేను చెప్పడం లేదు. ఆయనకు పోయిన బలము తిరిగి రాలేదు; మిగిలిన చేతులతోనే 1954లో మరణించేవరకు పనిచేశాడు. మరి నేడు మీ చేతిలో ఏమి మిగిలియున్నది?