ముసురునాటి విస్తరి

మన దేశచరిత్ర చాలకాలం పట్టాభిషేకాలతో మొదలై యుద్ధాలతో ముగిసేదిగానే సాగినది. ఏ యేట ఏ కోట కూలినదో చెప్పగల గ్రంథం, ఆ కోటగోడ నీడన ఉన్న ఇంటిలో ఆ సాయంకాలం ఏమి వండుకున్నారో చెప్పదు. తెలుగులో ఈ లోటును గుర్తించి, కావ్యాలను, చాటువులను జల్లెడపట్టి, జనుల తిండి, బట్ట, ఆట, పాట ఏరి కూర్చినవారు సురవరం ప్రతాపరెడ్డిగారు. 1949లో వెలువడిన వారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. తెలుగుకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. కావ్యంలోని వంటిల్లు కూడ చరిత్రకు ఆధారమే అన్న మాట ఆనాటినుండి మనలో నిలిచినది.

ఆ దారిలోనే ఒక చిన్న ప్రశ్న వేసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇంటిలో ఉన్నదానితో, తక్కువ వెచ్చంతో గడిచే దినంలోని సుఖాన్ని మన పూర్వులు ఎట్లా చూచినారు? ఆ సుఖంపట్ల కృతజ్ఞత వారికి ఉన్నదా? ఉంటే అది ఎవరిపట్ల? తృప్తిని గూర్చిన నీతిపద్యాలు మనకు కొల్లలుగా ఉన్నవి. వాటిని ప్రక్కన పెడుతున్నాను. తృప్తిపడుమని ఎదుటివానికి చెప్పడం సులభం. తృప్తిపడిన ఇల్లు ఎట్లా ఉంటుందో చూపడం కష్టం. అట్లా చూపిన కావ్యం ఒకటి ఉన్నది. దానిని వ్రాసినవాడు చక్రవర్తి కావడం విశేషం.

శ్రీకృష్ణదేవరాయలు 1509 నుండి 1529 వరకు విజయనగరాన్ని ఏలినాడు. కళింగ దండయాత్ర నడుమ కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసమున్న రాత్రి ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి తెలుగున కావ్యం చెప్పుమన్నాడని, అదే ‘ఆముక్తమాల్యద’ అయినదని అతడే చెప్పుకున్నాడు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూచిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ ఆ నగరపు అంగళ్ళను వర్ణించి, లోకంలో ఇంత సమృద్ధిగా సరకులు దొరికే పట్టణం మరొకటి లేదన్నాడు. వరి, జొన్న, పప్పుధాన్యాలు, ద్రాక్ష, దానిమ్మ, నిమ్మ—అతని పట్టిక పెద్దది. రాజు తెల్లవారుజామున నువ్వులనూనె త్రాగి సాముచేయడం కూడ అతడు మరువలేదు. రాబర్ట్ స్యూయల్ 1900లో ఇంగ్లీషున ప్రకటించిన నాటినుండి ఈ వృత్తాంతం మన చరిత్రకారులందరికీ కరతలామలకం. అట్టి సంపదకు అధిపతియైనవాడు విందును వర్ణింపబూనితే తన కొలువులోని విందునే వర్ణించవచ్చును. అతడు ఎన్నుకున్నది పాండ్యదేశంలో, శ్రీవిల్లిపుత్తూరులో, పూలమాలలు కట్టి దేవునికి సమర్పించుకునే విష్ణుచిత్తుని ఇల్లు.

ఆ ఇంటిలో వచ్చిపోయే వైష్ణవులకు పెట్టే భోజనాన్ని రాయలు ప్రథమాశ్వాసంలో ఋతువు ఋతువుకు విడదీసి చెప్పినాడు. వేసవిలో ముందు చందనం పూతకిచ్చి, గోరువెచ్చని అన్నం, తియ్యని చారులు, పలుచని అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీరు, పండ్లు, పరిమళించే చల్లని నీళ్ళు, ఊరగాయలు, నీరుమజ్జిగ. చలికాలంలో క్రొత్తబియ్యపు అన్నం, మిరియపుపొడి చల్లిన వేడివేడి కూరలు, ముక్కుకు ఘాటెక్కే ఆవపచ్చళ్ళు, పాయసం, చేతికి చురుక్కుమనే నెయ్యి, కాగిన పాలు. వీటిలో దూరదేశంనుండి తేవలసినది ఒక్కటీ లేదు. వంటకాల విలువ వాటి వెలలో లేదు. అవి ఏనాటికి తగినవో ఆనాడే విస్తరిలోకి రావడంలో ఉన్నది. ఎండనపడి వచ్చినవానికి మజ్జిగ, చలిలో వణికి వచ్చినవానికి మిరియం.

ఈ మూడింటిలో వానకాలపు భోజనం నాకు అన్నింటికంటె చరిత్రపూర్ణమైనదిగా తోస్తుంది. ఆకాశమే ఊటబుగ్గయై ముసురు పట్టినది. అట్టి నాడు వరియన్నం, పప్పు, పోపువేసిన నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి విస్తరిలోకి వస్తున్నవి. వంటచెరకంతా తడిసినది కనుక, పొగ కంట పడకుండ, ఇల్లాలు కొబ్బరి డొక్కల మంటమీద వండుతున్నది.

వరుగు అంటే ఏమిటో వివరించనక్కరలేని పాఠకులు ఇప్పుడు తగ్గుతున్నారు. ఎండకాలంలో కాపు విరివిగా ఉన్నప్పుడు వంకాయ, కాకర, గోరుచిక్కుడు వంటి కాయలను ముక్కలుగా తరిగి, ఉప్పు పట్టించి, చాపమీద పరచి, పెళపెళలాడేదాక ఎండబెట్టి కుండలో దాచడం వరుగు పెట్టడం. వడియం కూడ అట్టిదే. మినపపిండి రుబ్బి, గుమ్మడికాయ కోరి, పిండి, కలిపి, బట్టమీద చుక్కలుగా పెట్టి, కాకి వాలకుండ కాపలాకాచి, సాయంకాలం లోపలికి తెచ్చి, మరునాడు మరల ఎండకు పెట్టాలి. కొబ్బరి డొక్కకూడ పారవేయదగినదే. దానిని ఎండబెట్టి అటకమీద వేసిన చేయి ఒకటి ఉన్నది. కాబట్టి ముసురునాటి ఆ విస్తరిలో ఉన్నది ఆనాటి వంట మాత్రమే కాదు. చైత్రవైశాఖాల ఎండ, ఆ ఎండలో వంగిన ఒక స్త్రీ నడుము, నాలుగు నెలల ముందుచూపు అందులో ఉన్నవి. పొదుపు అనే మాటకు ఇంతకంటె మంచి అర్థాన్ని నేనెరుగను. తనకు మిగుల్చుకోవడం కోసం ఆమె దాచలేదు. పేరు తెలియని అతిథి, ఏ తిథినాడు వస్తాడో తెలియనివాడు, వానలో తడిసి గుమ్మం ఎక్కే వేళకు లేదనకుండ ఉండడం కోసం దాచినది.

ఇంక కృతజ్ఞత మాట. కొంతకాలం క్రింద నేను ఈ పద్యాలను ఇంగ్లీషులోకి తేబూనినాను. వరుగులు, వడియాలు సరే, ఏదో ఒక విధంగా దాటించవచ్చును. కలం ఆగిపోయినది వేరొక పద్యం దగ్గర. ఆ ఇంటి ముంగిట అర్ధరాత్రి చెవియొగ్గినా వినిపించే ధ్వనులు కొన్ని ఉన్నవని రాయలు చెప్పుతాడు. శేషశాయి పుణ్యకథలు ఒకటి, దివ్యప్రబంధ పారాయణం ఒకటి. మూడవది గృహస్థు అతిథులను వేడుకునే మాట. కూరలు ఎక్కువ లేవని, వేడిగా లేవని, పిండివంట లేదని, అన్నమూ అంత బాగుగా లేదని, దయచేసి భుజించవలెనని. నా అనువాదం చూచిన పరభాషామిత్రుడొకరు, ‘ముందు అన్ని వంటకాలు చెప్పి ఇక్కడ ఏమీ లేవంటున్నాడే, ఇది అబద్ధం కాదా?’ అని అడిగినారు. ఆ ప్రశ్న నన్ను చాలదినాలు వెన్నాడినది.

ఒక సమాధానం పద్యంలోనే ఉన్నది. అది అర్ధరాత్రి మాట. పొద్దుననుండి వచ్చినవారికి వచ్చినట్లు వడ్డించగా, నడిరేయి గుమ్మమెక్కినవానికి నిజంగానే కూరలు తరిగి ఉండవచ్చును, అన్నం చల్లారి ఉండవచ్చును. కాని అసలు సమాధానం మరొకటి. మన ఆచారంలో కృతజ్ఞత విస్తరికి ఒకవైపే ఉండదు. తిన్నవాడు ‘అన్నదాతా సుఖీభవ’ అంటాడు. పెట్టినవాడు, తన పెట్టుడు చాలదని, వచ్చి తినడమే దయ అని అంటాడు. ఒకరికొకరు ఋణపడి లేస్తారు. ‘ధన్యవాదాలు’ అనే మాట మన వంటింటి మాట కాకపోవడం మనకు కృతజ్ఞత లేకపోవడంవల్ల కాదు. ఆ భావం మనవద్ద దీవెనగాను, బతిమాలుకోవడంగాను రూపు కట్టినది.

కృతజ్ఞత అనే సంస్కృతపదమే ఇందుకు దారి చూపుతున్నది. చేసినదానిని ఎరిగినవాడు కృతజ్ఞుడు. అది మొదట ఒక ఎరుక. ఆ తరువాతనే భావం. ఎవరు ఏమి చేస్తే ఈ ముద్ద నా చేతికి వచ్చినదో తెలిసియుండడం. ఆ దృష్టితో చూస్తే రాయల వంటకాల పట్టికయే కృతజ్ఞతాపద్యం. పొగ కంట పడుతుందని, అందుకు కొబ్బరి డొక్క మందని ఎరిగిన కవికి పొయ్యిముందు కూర్చున్న మనిషి కనబడినది. ఏనుగులను, అశ్వదళాలను లెక్కించిన కంటికి ఆ పొగ కనబడడం సామాన్యం కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు బదులు చెప్పవలసి ఉన్నది. రోజూ రాచవిందు ఆరగించేవానికి వరుగులు రుచించడంలో వింత ఏమున్నది? రోజూ వరుగులే గతియైనవాడు కదా చెప్పవలసినది! ఈ ఆక్షేపణ న్యాయమైనదే. శ్రీనాథుని చూడండి. ప్రౌఢదేవరాయల కొలువులో కనకాభిషేకం పొందినవాడు పలనాటికి వెళ్ళి, అక్కడ మన్మథుడైనా జొన్నకూడే తినవలెనని చాటువున విసుగుకున్నట్లు ప్రసిద్ధి. సన్నబియ్యం మరిగిన నాలుకకు జొన్నముద్ద దిగలేదు. ఆ జొన్న పండించి తినే పలనాటి కాపు ఆ ముద్దను గూర్చి ఏమనుకున్నాడో చెప్పే పద్యం ఆ చాటువుల నడుమ లేదు. చక్రవర్తి మెచ్చుకోలు, కవిసార్వభౌముని విసుగు మనకు దక్కినవి. వండుకు తిన్నవాని మాట దక్కలేదు. సాంఘిక చరిత్ర వ్రాసేవారు ఈ మౌనాన్ని తృప్తిగా పొరబడరాదు.

పొరబడితే ఏమవుతుందో చెప్పడానికి రాయలు ఏలిన నేలనుండే ఉదాహరణ ఉన్నది. 1800లో నిజాము కుంఫిణీకి దత్తం చేసిన బళ్ళారి, కడప, కర్నూలు సీమల్లో 1876 నుండి 1878 వరకు ఘోరక్షామం నెలకొన్నది. ధాత కరువని జనం నేటికీ చెప్పుకునేది దానినే. పేస్ చూచిన అంగళ్ళ శిథిలాలున్న హంపి ఆనాడు బళ్ళారి జిల్లాలోనిదే. 1877లో వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, సహాయపు పనుల్లో రాళ్ళుకొట్టే మనిషికి దినానికి ఒక పౌను ధాన్యం, కొద్ది రొక్కం చాలునని లెక్క కట్టినాడు. కష్టించే దేహానికి అది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టర్ కార్నిష్ ఎదిరించి వాదించినాడు. ఆ యేడే కొలతను పెంచక తప్పలేదు. అప్పటికే ఎముకలగూళ్ళైనవారు లక్షలమంది.

ఆ పౌను లెక్క కూడ ప్రభుత్వపు కాగితాలలో పొదుపు పేరుతోనే నడిచినది. విష్ణుచిత్తుని ఇల్లాలు తన ఎండలో, తన చేతులతో, ఎదుటివాని విస్తరి కోసం దాచినది. టెంపుల్ దొర ఎదుటివాని విస్తరినుండి తీసి ఖజానాలో దాచినాడు. రెండింటికీ మనం ఒకే మాట వాడుతున్నాము కనుకనే ఈ భేదాన్ని మాటిమాటికి చెప్పుకోవలసి వస్తున్నది. ఉన్నదానితో సుఖపడడాన్ని గూర్చి ఎవరైనా వ్రాసినప్పుడు, ఆ ‘ఉన్నది’ ఎంత, దానిని కొలిచినది ఎవరు అని అడగడం పాఠకుని హక్కు.

ఆ కాలంలోనే, తెలుగునేల మరొక కొనలో, విష్ణుచిత్తుని ఇల్లు కావ్యంలోని కల్పన మాత్రమే కాదని నిరూపించిన ఇల్లాలు ఒకరున్నారు. గోదావరి పాయల నడుమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) పడవదాటి వచ్చే బాటసారులకు వేళ చూడకుండ, కులం అడగకుండ అన్నం పెట్టినారు. వారిని అపర అన్నపూర్ణ అన్నారు. ఆ బిరుదు సత్యమే. అయితే చరిత్రకారుడు మరొకమాట కూడ చెప్పాలి. 1847లో మొదలై 1852లో పూర్తియైన ధవళేశ్వరం ఆనకట్ట ఆ సీమకు నీరిచ్చినది. దత్తమండలాలు ఎండిననాడు గోదావరి డెల్టాలో పంట నిలిచినది. సీతమ్మగారి చేయి పెద్దది. ఆ చేతికి అందుబాటులో గాదె ఉన్నది. గాదెకు వెనుక కాలువ ఉన్నది. ఈ వరుసలో ఏ ఒక్కదానిని విడిచినా మన ఎరుకకు కొరతయే. గన్నవరం దగ్గర వైనతేయపాయమీద కాలువనీటిని దాటించే అక్విడక్టుకు తరువాతికాలంలో ఆమె పేరే పెట్టినారు. అన్నం పెట్టిన చేతినీ, అన్నానికి మూలమైన నీటినీ ఒక్కచోట తలచుకున్న ఆ నామకరణం నాకు మిక్కిలి ఉచితంగా తోచినది.

నేడు వరుగులు, వడియాలు పొట్లాలుగా దుకాణాలలో దొరుకుతున్నవి. పొయ్యి పొగ చాల ఇళ్ళనుండి తొలగినది. అది పోయినందుకు విచారించేవారు ఆ పొగలో కూర్చున్నవారు కారు. వెనుకటి సాదా దినాలను తలచి వ్రాసే వ్యాసాలు, కథలు మనలో పెరుగుతున్నవి. నేనూ అట్టివి చదివి సంతోషించేవాడినే. ముసురుపట్టిన సాయంకాలం వేగిన వడియం వాసన, అమ్మ కలిపిన ముద్ద, నులకమంచం—వీటిని తలచుకోవడంలో తప్పులేదు, తలచుకోకపోతేనే తప్పు. మన రచయితలను కోరుకునేదల్లా ఒక్కటి. ముద్ద రుచి వ్రాసేటప్పుడు ఎండలో చాప పరచినవారిని కూడ వ్రాయండి. కాకిని తోలిన పిల్లను వ్రాయండి. అందరూ తిన్న తరువాత ఆ ఇల్లాలికి కుండలో ఏమి మిగిలినదో అడిగి వ్రాయండి. రాయలు ఆ చివరి సంగతి చెప్పలేదు. అయిదువందల యేండ్లనాడు కంటికి పొగ తగలకుండ చూచుకోవడం దాక వచ్చి అతడు ఆగినాడు. అక్కడినుండి ముందుకు నడవవలసిన బాధ్యత మనది.