పాలారు లోయలో క్రోమియం: తోళ్ల పరిశ్రమ వ్యర్థాల చరిత్ర

ఒక పరిశ్రమ చరిత్రను చదివేటప్పుడు అది ఏమి తయారుచేసింది, ఎంత ఎగుమతి చేసింది, ఎందరికి ఉపాధి కల్పించింది అన్న లెక్కలు మనకు సులభంగా దొరుకుతాయి. తయారీలో ఏమి మిగిలింది, అది ఎక్కడికి చేరింది అన్న లెక్క మాత్రం దొరకదు. తోళ్ల పరిశ్రమ విషయంలో ఈ రెండో లెక్కే పెద్దది. ఒక టన్ను పచ్చితోళ్లను పదును చేస్తే చేతికి వచ్చే తోలు రమారమి 200 నుంచి 250 కిలోలు. తక్కినదంతా ముక్కలుగా, పొట్టుగా, మడ్డిగా, మురుగునీరుగా బయటికి పోతుంది. ఈ మిగులు ఎక్కడికి పోయిందో తెలుసుకోవడానికి ఈ పాఠంలో తమిళనాడులోని వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట పట్టణాలను తీసుకుందాం. ఈ మూడూ పాలారు లోయలో ఉన్నాయి. పాలారు కర్ణాటకలో పుట్టి, మన కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడులో ప్రవేశిస్తుంది.

తోళ్ల పని ఈ ప్రాంతానికి కొత్తకాదు. తెలుగు పల్లెల్లో తోళ్లు నానవేసే తొట్టిని లంద అంటారు. లందలో వాడినది ముఖ్యంగా సున్నం, తంగేడు చెక్క, కరక్కాయ. మద్రాసు రేవు నుంచి ఐరోపాకు ఎగుమతైన ‘ఈస్ట్ ఇండియా’ తోళ్లు కూడా తంగేడు చెక్కతో పదును చేసినవే. ఆ నీటికి వాసన, రంగు లేకపోలేదు. లంద ఊరికి దూరంగా, ఊరు దూరంగా ఉంచిన మనుషుల వాడలోనే ఉండేదన్న సంగతి మరువకండి. వ్యర్థాలు ఎవరి ఇంటి పక్కన ఉండాలన్నది రసాయనాల కాలానికి ముందే కులం నిర్ణయించింది. అయితే ఆ వ్యర్థాలలో అధికభాగం కాలక్రమంలో కుళ్లి మట్టిలో కలిసిపోయేది.

క్రోమియం అలా కలిసిపోదు. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ క్రోమియం లవణాలతో తోలు పదును చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. చెక్కతో వారాలు పట్టే పని ఒకటి రెండు రోజుల్లో పూర్తయింది. ఆ తోలు మెత్తగా ఉంటుంది, వేడికి తట్టుకుంటుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాలలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో ఈ పద్ధతిపై ప్రయోగాలు చేశాడు. చెన్నై శివారులోని క్రోంపేటకు ఆ పేరు అక్కడ వెలసిన క్రోమ్ లెదర్ కంపెనీ వల్లనే వచ్చింది.

ఇక్కడ కొంచెం రసాయనశాస్త్రం అవసరం. మామూలు పద్ధతిలో తొట్టిలో వేసిన క్రోమియంలో 60 నుంచి 70 శాతం మాత్రమే తోలుకు పడుతుంది. మిగిలినది నీటితో పోతుంది. తోలు పదునుకు వాడేది మూడు సంయోజకత గల క్రోమియం, దాని విషగుణం తక్కువ. ఆరు సంయోజకత గల రూపం మాత్రం క్యాన్సర్ కారకం, నీటిలో తేలికగా కరిగి దూరం ప్రయాణిస్తుంది. చెప్పుల కర్మాగారాలలో మిగిలే తోలు ముక్కలను ఆరుబయట కాల్చకూడదనడానికి కారణం ఇదే. మంటలో మొదటి రూపం రెండోదిగా మారవచ్చు.

స్వాతంత్ర్యం తర్వాత పాలారు లోయను మలుపు తిప్పినది ఒక ఎగుమతి విధానం. సగం పదును చేసిన తోళ్లను చౌకగా అమ్ముకోవడం కంటే, పూర్తిగా తయారైన తోలును, చెప్పులను అమ్మితే దేశానికి ఆదాయం, కార్మికులకు పని దక్కుతాయని సీతారామయ్య కమిటీ సూచించింది. 1973 నుంచి ప్రభుత్వం ఆ దిశగా పరిమితులు విధించింది. మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థను ఎదిగించిన తెనాలి ప్రాంతపు శాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మ ఆలోచన కూడా ఇదే. ఆర్థికంగా అది సరైన విధానమే. కానీ విలువ జోడించే దశలతోపాటు విషం జోడించే దశలు కూడా మన నేలపైకి వచ్చాయి. విధానాన్ని రూపొందించిన వేగం వ్యర్థాల ఏర్పాటులో కనిపించలేదు.

ఫలితం ముందుగా బావుల్లో కనిపించింది. పచ్చితోళ్లను నిలవ చేసే ఉప్పు, దానితో క్రోమియం భూగర్భజలంలోకి దిగాయి. 1991లో వేలూరు పౌర సంక్షేమ వేదిక సుప్రీంకోర్టును ఆశ్రయించింది. 1996 ఆగస్టు 28న వెలువడిన తీర్పు, దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో పాక్షికంగానో పనికిరాకుండా పోయిందన్న సర్వే అంచనాను ప్రస్తావించింది. ప్రతి టానరీకీ 10,000 రూపాయల జరిమానా విధించింది. ముందుజాగ్రత్త సూత్రం, కలుషితం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రం ఈ దేశ చట్టంలో భాగమని ప్రకటించింది.

ఈ తీర్పుకు ముందు జరిగిన ఒక సంఘటనతో దీన్ని పోల్చి చూడండి. 1989 చివర జర్మనీ తోళ్లకు బూజు పట్టకుండా వాడే పెంటాక్లోరోఫినాల్‌ను నిషేధించింది. సరుకు తిరిగి వస్తుందన్న భయంతో మన టానరీలు కొద్దికాలంలోనే దాన్ని మానుకున్నాయి. చెప్పు తొడిగే పాదానికి దొరికిన రక్షణ, బావినీళ్లు తాగే గొంతుకు అంత త్వరగా దొరకలేదు.

1989 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు, వాటి స్థానంలో వచ్చిన 2008, 2016 నియమాలు ఇలాంటి వ్యర్థాలను ఎవరు ఎలా నిలవచేయాలో, ఎక్కడికి పంపాలో నిర్దేశిస్తాయి. క్రోమియం మడ్డి ఆ జాబితాలో ఉంది. చిన్న టానరీలు ఒంటరిగా శుద్ధియంత్రాలు కట్టుకోలేవు కనుక ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వెలిశాయి. ఇవి నీటిలోని క్రోమియాన్ని మడ్డిగా దించుతాయి. గమనించండి, క్రోమియం మాయం కాలేదు, రూపం మార్చుకుంది. ఉప్పు సంగతీ అంతే. నీటిని వడగట్టి, ఆవిరిచేసి తిరిగి వాడుకుంటే ఉప్పు గుట్టలు మిగులుతాయి. నా దృష్టిలో నిజమైన పరిష్కారానికి దగ్గరగా ఉన్నది క్రోమియం తిరిగి రాబట్టే పద్ధతి. పదును తొట్టి నీటిని విడిగా పట్టి, మెగ్నీషియం ఆక్సైడుతో క్రోమియాన్ని అడుగుకు దించి, గంధకామ్లంలో కరిగించి మళ్లీ తొట్టిలో వాడతారు. ఇక్కడ వ్యర్థం స్థలం మారడం కాదు, తగ్గుతుంది.

స్థలం మాత్రమే మారితే ఏమవుతుందో రాణిపేట చెబుతుంది. 2015 జనవరి 31 తెల్లవారుజామున సిడ్కో పారిశ్రామికవాడలోని ఉమ్మడి శుద్ధి కేంద్రంలో మడ్డి నిలవచేసిన తొట్టి గోడ కూలింది. పక్క టానరీలో నిద్రిస్తున్న వారితో కలిపి పది మంది ఆ మడ్డిలో మరణించారు. వారిలో ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ నుంచి పనికి వచ్చినవారు. అదే పట్టణంలో టానరీలకు కావలసిన క్రోమియం రసాయనాలు తయారుచేసిన ఒక కర్మాగారం 1990లలో మూతపడింది. అది వదిలిపోయినది లక్షన్నర టన్నులకు మించిన వ్యర్థాల గుట్ట. అందులో ఉన్నది ఆరు సంయోజకత గల క్రోమియం. వాన పడినప్పుడల్లా అది పసుపుపచ్చని నీరుగా కారింది.

మూల్యం చెల్లింపు కూడా ఇంతే నెమ్మదిగా సాగింది. తీర్పు మేరకు ఏర్పడిన ప్రాధికార సంస్థ 2001లో 29,193 మంది బాధితులకు సుమారు 26.82 కోట్ల రూపాయల పరిహారం లెక్కగట్టింది. అది అందరికీ చేరలేదు. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మరోసారి జోక్యం చేసుకొని, ముందు ప్రభుత్వమే పరిహారం చెల్లించి తరువాత ఆ సొమ్మును కాలుష్యకారకుల నుంచి రాబట్టాలని ఆదేశించింది. 1991లో మొదలైన వ్యాజ్యానికి అప్పటికి ముప్పై మూడేళ్లు దాటాయి.